పట్టికలో తప్పిన తొమ్మిదిమంది

"అట్టలు వేసేటోళ్లకు లోపల ఏమున్నదో ఎందుకమ్మా?" అని సదాశివ సారు నన్ను అడిగింది ఈ ఏడు మే నెలలో. ఆయన టేబుల్ ముందు నిలబడి ఆ మాటకు నేను నవ్వాను. పెద్ద మనిషి ఏదో అంటే నవ్వేయడం అలవాటైపోయిన నవ్వు అది. నవ్వినందుకు ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు వెనక సందులో మా షాపు. టైపింగ్, ప్రింటింగ్, బైండింగ్. ఎండాకాలం వస్తే థీసిస్‌ల సీజను. పెళ్లిళ్ల సీజనులో బంగారం కొట్టుకు ఎంత గిరాకీనో, ఏప్రిల్, మే నెలల్లో మాకంత. మెరూన్ రెక్సిన్ అట్ట మీద బంగారు అక్షరాలు పడితేగానీ మనిషి డాక్టరు కాడు. ఇరవై ఏళ్లుగా ఎంతమందిని డాక్టర్లను చేశానో లెక్క లేదు. వాళ్లలో ఒకడు మా ఆయన వామన్‌రావు. యూనివర్సిటీలో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చెప్తాడు. పదహారేళ్లుగా పార్ట్‌టైం. పీరియడ్ చెప్తే డబ్బులు, చెప్పకపోతే లేవు. ఎండాకాలం సెలవులొస్తే నాంపల్లిలో మా ఇంటి కిరాయి ఈ షాపే కట్టాలి.

ఏప్రిల్ మొదట్లో డిపార్ట్‌మెంట్ అటెండర్ పరశురాం ఒక బ్రోచర్ ప్రింటుకు తెచ్చాడు. యూనివర్సిటీలో ఏ గదిలో ఎవరు ఎవరితో ఏమన్నారో వైస్‌ఛాన్సలర్ కంటే ముందు పరశురాంకు తెలుస్తుంది.

"గిదేంది పరశురాం, ఎం.ఏ. అర్బన్ ఎక్సలెన్స్?" అన్నాను.

"మన ఎం.ఏ.నే అక్కా. పోయినేడు చేరింది నలుగురు. అండ్ల ఒకడు హాస్టల్ కోసం చేరిండు, ఒకడు బస్ పాస్ కోసం. గందుకని పేరు మార్చిన్రు."

"మరి సిలబస్?"

"అదే. సార్లూ గాళ్లే, నోట్సులూ గవే. నేనూ నేనే."

పాత పుస్తకానికి కొత్త అట్ట. ఆ విద్య మాదనుకున్నాను ఇన్నాళ్లూ. బ్రోచర్ చివరి పేజీలో డిపార్ట్‌మెంట్ హెడ్ సదాశివ సారు ఫొటో, చేతులు కట్టుకుని.

"కొత్త కోర్సు పెడ్తే కొత్త పోస్టులు వస్తయంట అక్కా. రెండు అంటున్రు. ఒకటి మన సారుకే" అని గొంతు తగ్గించి చెప్పి, చాయ్ తాగి వెళ్లాడు.

ఆ సాయంత్రం మా ఆయన ఇంటికి వస్తూ సుల్తాన్ బజార్‌లో తెల్ల చొక్కా గుడ్డ కొన్నాడు. ఇంటర్వ్యూకు కుట్టించుకుంటాడట. పర్మినెంట్ అన్న మాట మా ఇంట్లో దేవుడి పేరు లాంటిది. ఊరికే తీయం.

తర్వాతి వారం ఒక అమ్మాయి కారు దిగి, సందులో చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని షాపుకు వచ్చింది. పేరు కీర్తి. యూనివర్సిటీ పాలకమండలి మెంబరు లక్ష్మణరావు గారి కూతురు. గైడ్ సదాశివ సారు. పెన్ డ్రైవ్ ఇచ్చి, "ఐదు కాపీలు ఆంటీ. మెరూన్, గోల్డ్ లెటర్స్. వచ్చే నెల్లోనే వైవా కూడా అయిపోతుందన్నారు సార్" అంది.

మా ఆయన థీసిస్ మీద పరీక్షకుల రిపోర్టులు రావడానికి పదకొండు నెలలు పట్టింది. ఈ అమ్మాయికి నెల రోజులు. పీహెచ్‌డీ చేతికొస్తేనే కదా అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూకు కూర్చోగలిగేది. పిల్ల చెడ్డదేం కాదు. కూర్చోమంటే స్టూలు తుడుచుకోకుండా కూర్చుంది, మంచినీళ్లు అడిగి తాగింది. చెడ్డదై ఉంటే నా కోపానికి కాస్త సుఖంగా ఉండేది.

ఆమె వెళ్లాక ప్రింటు ఇచ్చే ముందు పట్టికలు తీశాను. నాకదో అలవాటు. ఏ థీసిస్ వచ్చినా ప్రతి పట్టికా కాలిక్యులేటర్ మీద కూడి చూస్తాను. ఎందుకు అలవాటయిందో చెప్తాను.

మా ఆయన థీసిస్ నాంపల్లి, అబిడ్స్ రోడ్లు ఊడ్చే ఆడవాళ్ల మీద. 2009లో ఎనిమిది నెలలు తెల్లారుజామునే లేచి వెళ్లి రెండు వందల ఇరవై ఒక్కమందిని అడిగి రాశాడు. టైపు నేనే చేశాను. పట్టిక 4.3: పనిలో వాళ్లకు తగిలిన దెబ్బలు. గాజుపెంకులు, సూదులు గుచ్చుకున్నవాళ్లు అరవై నాలుగు. దుమ్ముకు దగ్గు పట్టినవాళ్లు నలభై ఎనిమిది. నడుములు పడిపోయినవాళ్లు యాభై ఏడు. బండ్లు గుద్దినవాళ్లు యాభై రెండు. ఆ యాభై రెండు దగ్గర నా కన్ను జారి పక్క పేజీలోని నలభై మూడు కొట్టాను. వైవాలో పరీక్షకుడు పట్టుకున్నాడు. "మీ లెక్కలోంచి తొమ్మిదిమంది ఆడాళ్లు పారిపోయారే!" అంటే హాలంతా నవ్విందట. మా ఆయన ఇంటికొచ్చి నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఐదు పుస్తకాల్లోనూ తప్పొప్పుల చీటీ అంటించాను. కాగితానికి అంటించానే గానీ కంప్యూటర్‌లోని ఫైలు దిద్దడం మర్చిపోయాను.

ఆ తొమ్మిదిమంది సంగతి మా సందు ఊడ్చే జయమ్మకు చెప్పాను అప్పట్లో. మా ఆయన అడిగి రాసుకున్నవాళ్లలో ఆమె ఒకతె. మొజంజాహీ మార్కెట్ మూల మీద ఆటో గుద్ది ఆమె కుడికాలు వంకరపోయింది. "పోయిన తొమ్మిదిమందిల నేను గూడ ఉంట తియ్యి. నా పేరు ఏడ ఎక్కింది గనుక" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

కీర్తి థీసిస్ పేరు వేరు: స్మార్ట్ నగరంలో శానిటేషన్ వర్క్‌ఫోర్స్ గవర్నెన్స్. పట్టిక 4.3 తీశాను. అరవై నాలుగు, నలభై ఎనిమిది, యాభై ఏడు, నలభై మూడు. కింద మొత్తం రెండు వందల ఇరవై ఒకటి. కాలిక్యులేటర్ రెండు వందల పన్నెండు అంది.

నా తప్పు. నా చేత్తో చేసిన తప్పు. నన్ను చూసి అది పలకరించినట్టే అనిపించింది.

మిగతా పేజీలు తిప్పాను. 2009 ఉన్నచోటల్లా 2023 ఉంది. మనుషులు మాత్రం అంతే. పద్నాలుగేళ్లలో ఒక్క ఆడమనిషి చావలేదు, ఒక్కరు రిటైర్ కాలేదు, ఒక్కరికి ఏడాది వయసు పెరగలేదు. మామూలుగా తప్పు కనబడితే ఫోన్ చేసి చెప్తాను. ఈసారి చెప్పలేదు. ఐదు కాపీలు అలాగే తీసి అట్టలు వేశాను.

ఆదివారం పొద్దున అబిడ్స్ పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. మా ఆయన ప్రతివారం పోతాడు. ఆ రోజు నేనూ వెళ్లాను. మూసిన చెప్పుల దుకాణం ముందు కూర్చుని ఏదో పాత మున్సిపల్ చట్టం పుస్తకం తిరగేస్తున్నాడు. పక్కన కూర్చున్నాను.

"కీర్తి థీసిస్‌ల పట్టిక నాలుగు పాయింట్ మూడు చూసిన" అన్నాను.

ఆయన చేతిలో పేజీ ఆగింది.

"నీ ఫైలు ఆమెకు ఎవరిచ్చిన్రు?"

"సారు అడిగిండు, మోడల్ కోసం అని. ఇచ్చిన."

"మరి ఏండ్లు ఎవరు మార్చిన్రు?"

పుస్తకం తీసిన చోటే పెట్టాడు. పక్క పుస్తకాలతో అంచు కలిసేదాకా సర్దాడు. "నేనే" అన్నాడు.

చుట్టూ బేరాలు. 'ఏదైనా యాభై, ఏదైనా యాభై' అని అరుపులు. నాకు గొంతు లేస్తోంది, అణుచుకోవాలని కూడా అనిపించలేదు.

"దొంగకు తాళంచెవి ఇచ్చి, దీపం గూడ పట్టినవా?"

"రెండు పోస్టులు వస్తున్నయి అనసూయా. ఒకటి ఆమెకు, ఒకటి నాకు. ఆమెది గాకుంటే రెండూ ఆగుతయన్నడు సారు. నాకు నలభై తొమ్మిది నిండినయి. గిది పోతే మల్ల నోటిఫికేషన్ ఎప్పుడో ఏమో."

"జయమ్మకు అప్పుడు నలభై ఏండ్లని రాసినవు. నువ్వు మార్చినంక ఇప్పుడు గూడ నలభయ్యేనా? పోయి చెప్పు, సంతోషపడ్తది."

క్లాసులో మూడు గంటలు గుక్క తిప్పుకోకుండా మాట్లాడే మనిషి సదాశివ సారు ముందు పదహారేళ్లు గంగిరెద్దులా తలూపాడు. సారు ఇంటి గృహప్రవేశానికి షామియానా మాట్లాడింది మా ఆయన. సారు పేరుతో అచ్చయిన వ్యాసాలు సగం మా ఇంట్లో పుట్టినవే. అవన్నీ సరే. కానీ ఆ ఎనిమిది నెలలు ఆయనవి. చీకటితో లేచి సైకిలు తీసుకుని పోయేవాడు. ఒక్కొక్కరి మాట రాసుకొచ్చి నాకు చదివి వినిపించేవాడు. నేను ఆ మనిషిని మెచ్చింది అప్పుడే. దాన్ని పట్టుకెళ్లి ధారపోస్తాడా? కిరాయి ఇంట్లో బతకడానికి నాకు సిగ్గు లేదు. ఇందుకు సిగ్గేసింది. ఆ మాట మొహం మీదే అన్నాను. ఇద్దరం చెరో ఫుట్‌పాత్ మీద నడుచుకుంటూ నాంపల్లి చేరాం.

మే మొదటి వారంలో నోటిఫికేషన్ పడింది. పోస్టు ఒక్కటే. స్పెషలైజేషన్: శానిటేషన్ వర్క్‌ఫోర్స్ గవర్నెన్స్. కీర్తి థీసిస్ పేరులోంచి స్మార్ట్ నగరం తీసేస్తే మిగిలేది అదే. ప్రపంచం మొత్తంలో ఆ పోస్టుకు సరిపోయే మనిషి ఒక్కతే ఉంటుంది. అసలు ఇద్దరున్నారు, కానీ ఒకడు తన థీసిస్ పేరు మార్చుకోలేడు కదా.

మా ఆయన పేపరు మూడుసార్లు చదివాడు. "ఇంకోటి వెనక వస్తదన్నడు సారు" అన్నాడు. ఆ మాట ఆయనే నమ్మలేదు. తెల్ల చొక్కా అప్పటికే టైలరు దగ్గర్నుంచి వచ్చి మేకుకు వేలాడుతోంది.

అట్టలు వేసిన ఐదు కాపీలూ సంచిలో పెట్టుకుని బస్సెక్కి నేనే డిపార్ట్‌మెంట్‌కు వెళ్లాను. సదాశివ సారు ఏసీ గదిలో తడి ద్రాక్షపళ్లు తింటున్నాడు.

"రెండు పోస్టులన్నరు గదా సార్."

"రోస్టర్ అని ఒకటి ఉంటదమ్మా. నీకు అర్థం కాదు. పైనుంచి ఒక్కటే వచ్చింది. వామన్‌రావ్ మన మనిషే, ఫికర్ చెయ్యకు. వచ్చే ఏడు చూద్దాం."

"ఈ పుస్తకం లోపల ఎవరి కష్టమున్నదో మీకు తెల్వదా సార్?"

ఆయన ఒక కాపీ తీసుకుని బంగారు అక్షరాలను బొటనవేలితో నిమిరాడు. తెరవలేదు. అప్పుడన్నాడు ఆ మాట, అట్టలు వేసేటోళ్ల మాట. నేను నవ్వి బయటికొచ్చాను.

వరండాలో నోటీసు బోర్డు మీద వైవా నోటీసు ఉంది. మా షాపులో కొట్టిందే. బహిరంగ మౌఖిక పరీక్ష, ఆసక్తిగలవారందరూ ఆహ్వానితులు, ఎవరైనా ప్రశ్నలు అడగవచ్చు. రూలు ప్రకారం ప్రతి వైవాకూ ఆ వాక్యం రాయాలి. ఇరవై ఏళ్లుగా కొడుతున్నాను. ఆసక్తిగలవాళ్లు సమోసాల కోసం వస్తారు. ప్రశ్న అడిగినవాడు ఇంతవరకూ పుట్టలేదు. సొమ్మొకడిది, సోకొకడిది, సమోసా అందరిది.

వైవా రోజు నేను ఇస్త్రీ చీర కట్టుకున్నాను. మా ఆయనకు చెప్పలేదు. ఆయన అప్పటికే వెళ్లిపోయాడు, ప్రొజెక్టర్ సరిచూసే పని ఆయనదేనట. సెమినార్ హాలు వెనక వరసలో కూర్చున్నాను. ముందు పూలబొకేలు. నాలుగో వరసలో పార్ట్‌టైం వాళ్లు, వాళ్ల మధ్య మా ఆయన, కొత్త తెల్ల చొక్కాలో. బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన పరీక్షకుడు పెద్దాయన. మాటిమాటికీ గడియారం చూస్తున్నాడు.

కీర్తి ఇరవై నిమిషాలు చదివింది. చప్పట్లు కొట్టారు. సదాశివ సారు లేచి, "ప్రశ్నలేమైనా?" అన్నాడు. ముందే అనుకున్నట్టు ఒక కుర్రాడు లేచి, ఈ పరిశోధన దేశానికి ఎట్లా ఉపయోగపడుతుందని అడిగాడు. చాలా ఉపయోగపడుతుందని కీర్తి చెప్పింది. సారు ముగించబోతుంటే నేను లేచాను.

"నేను ఈ పుస్తకానికి అట్ట వేసినదాన్ని సార్. పట్టిక నాలుగు పాయింట్ మూడుల నాలుగు వరసలు కూడితే రెండొందల పన్నెండు వస్తున్నయి. కింద రెండొందల ఇరవై ఒకటని ఉన్నది. తొమ్మిదిమంది ఆడోళ్లు ఎటు పోయిన్రు?"

పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని పేజీ వెతికాడు. జేబులోంచి పెన్ను తీసి పక్కన కూడాడు. "అవును" అన్నాడు.

కీర్తి తలెత్తింది. పుస్తకం వంక చూడలేదు, గైడ్ వంక చూడలేదు. నాలుగో వరసలో మా ఆయన వంక చూసింది. సదాశివ సారు కూడా అటే తిరిగి, ఫ్యాన్ వేయమన్నంత మామూలుగా, "వామన్‌రావ్, జర చెప్పవయ్యా" అన్నాడు.

హాలులో ఎవరికీ అది వింతగా తోచలేదు. అదీ నా మంట. పరీక్ష ఆమెది, జవాబు ఈయన చెప్పాలి, అందరికీ అది సహజం.

మా ఆయన లేచాడు. పదహారేళ్లలో సారు అడిగిన దేనికీ ఆయన దగ్గర జవాబు లేకపోవడమన్నది లేదు. ఒకసారి వెనక్కి తిరిగి నన్ను చూశాడు. చొక్కా పైగుండీ పెట్టుకున్నాడు.

"నాకు తెల్వదు సార్" అన్నాడు. కూర్చున్నాడు.

పెద్దాయన సదాశివ సారు వైపు వంగి, "ఆయన్నెందుకు అడుగుతున్నారు?" అన్నాడు. పెద్దాయన చాలాసేపు ఏదో రాశాడు. డిగ్రీ ఇవ్వొచ్చు, అయితే సర్వేలో నింపిన అసలు కాగితాలు చూపించి పట్టిక సరిచేశాకే, అన్నాడు. దొంగతనం అన్న మాట ఎవరి నోటా రాలేదు. సవరణ అన్నారు. స్వల్ప సవరణ. సమోసాలు పంచారు.

మేమిద్దరం తినకుండా బయటికొచ్చి బస్సెక్కి మొజంజాహీ మార్కెట్ దగ్గర దిగాం. మామిడిపండు ఐస్‌క్రీం రెండు కప్పులు తెచ్చాడు. మెట్ల మీద కూర్చున్నాం. సగం తిన్నాక, "యాభై రెండు" అన్నాడు.

"నాకు తెల్వదా?" అన్నాను.

జూన్‌లో కొత్త టైంటేబుల్ వేశారు. పరశురాం షాపుకొచ్చి నిలబడి, చాయ్ వద్దన్నాడు. "సార్ పేరు లేదక్కా" అన్నాడు. పదహారేళ్ల ఉద్యోగానికి ఉత్తరం ముక్క కూడా రాలేదు. పార్ట్‌టైం వాళ్లను తీసేయడం ఉండదు, పేరు రాయకపోవడమే ఉంటుంది. మా ఆయన ఆ రోజు ఏమీ తినలేదు. మర్నాడు వచ్చి షాపులో జిగురు బ్రష్ పట్టుకున్నాడు. అట్టలు వంకరగా వేస్తాడు. నేను తిడతాను, మళ్లీ వేస్తాడు.

నాలుగు రోజులకు, తొలి వాన పడి వెలిసిన సాయంత్రం, సదాశివ సారు మా సందులోకి వచ్చాడు. పదహారేళ్లలో మొదటిసారి. గుమ్మం మెట్టు మీద జయమ్మ కూర్చుని చాయ్ తాగుతోంది. ఆమెను దాటి లోపలికొచ్చి, స్టూలు వేసినా కూర్చోలేదు.

"వామన్‌రావ్, అయిందేదో అయింది. గా సర్వే కాగితాలు నీ దగ్గర ఉన్నయి గదా?"

ఉన్నాయి. ఇంట్లో సందుగలో రెండు మూటలు. పదిరోజుల్లో ఇంటర్వ్యూ. కాగితాలు లేకపోతే కీర్తి చేతికి సర్టిఫికెట్ రాదు.

"సోమవారం నుంచి క్లాసులకు రా. పేరు నేను ఎక్కిస్త. వచ్చే నోటిఫికేషన్ నీదే, నా మాట" అన్నాడు. నా వైపు చూసి, "చెప్పమ్మా నువ్వన్నా" అన్నాడు. అట్టలు వేసేదాని మాటకు అప్పుడు విలువొచ్చింది.

ఇది ఆయన చెప్పాల్సిన జవాబు. సోమవారం నుంచి క్లాసులు అన్న మాటకు మా ఆయన కళ్లు ఒక్క క్షణం వెలిగాయి. చూశాను. అబద్ధమెందుకు చెప్పాలి?

ఆయన చేతి జిగురు గుడ్డకు తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ తుడిచాడు.

"కాగితాలెందుకు సార్? గా ఆడోళ్లు గీడనే ఉన్నరు గదా. రోజూ పొద్దుగాల ఐదున్నరకు మొజంజాహీ మార్కెట్ ముంగట హాజరు తీస్తరు. కీర్తి మేడంను పంపున్రి. ఒక్కొక్కరిని అడిగి రాసుకుంటరు."

"పదిరోజులల్ల ఎట్ల అయితదయ్యా?"

"నాకు ఎనిమిది నెలలు పట్టింది సార్. జర జల్దీ మొదలుపెట్టాలె మరి."

సారు మొహం ఎర్రబడింది. "నిన్ను మనిషిని చేసింది నేను. యాద్ పెట్టుకో" అన్నాడు. మా ఆయన బ్రష్ తీసుకుని మళ్లీ అట్ట మీదికి వంగాడు.

సారు వెనక్కి తిరిగాడు. మెట్టు మీద జయమ్మ చాయ్ గ్లాసు పక్కన పెట్టింది. లోపలి మాటలన్నీ ఆమె విన్నదే.

"నన్ను అడుగున్రి సారూ ముందుగాల. ఆటో ఏడ గుద్దిందో నేను చెప్త" అంది. చీర మోకాలిదాకా జరిపి, వంకరపోయిన ఆ కుడికాలు గుమ్మానికి అడ్డంగా బారచాపింది.

మా సందు ఇరుకు, గుమ్మం ఇంకా ఇరుకు. ఆ కాలు చూడకుండా దాటడం కుదరదు. సదాశివ సారు నిలబడిపోయాడు.

జయమ్మ కాలు తీయలేదు. నేనూ తీయమనలేదు.